ముసురు వారం, ఇద్దరు పిల్లలు, ఒక పల్లీ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ దగ్గర. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మా ఆయనది జడ్చర్ల దిక్కు షిఫ్టు డ్యూటీ. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. మూడు నెలల కింద మా ఆయన దోస్తు ఒకతను రెండు నెలల కుక్కపిల్లను ఇచ్చాడు. వేయించిన పల్లీ రంగులో ఉందని పాప దానికి పల్లీ అని పేరు పెట్టింది. తెచ్చిన వారంలోనే ఒక సూది వేయించాం. మా పిల్లలు ముందే ఒక్కచోట నిలబడేవాళ్లు కాదు, ఇప్పుడు ముగ్గురయ్యారు. పోయిన వారం ఏం జరిగిందో రాస్తాను, మీరే చెప్పండి.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి బడి ఆటో వచ్చి హారన్ కొడుతుంటే బాబు సాక్సు ఒకటి కనిపించలేదు. చూస్తే పల్లీ నోట్లో ఉంది. ముగ్గురం వెంటపడ్డాం, ఇల్లంతా తిప్పింది. చివరికి బాబు ఒక కాలికి తెల్లది, ఒక కాలికి నీలిది వేసుకుని పోయాడు. మంగళవారం సాయంత్రం నేను జొన్నరొట్టెలు చేస్తుంటే పిల్లలు హాల్లో ఖోఖో మొదలుపెట్టారు, వాళ్ల మధ్యలో అది. పిండి గిన్నె బోర్ల పడింది. బుధవారం బడి నుంచి వచ్చేసరికి పాప వేసిన పిల్లలమర్రి చెట్టు బొమ్మను ముక్కలు చేసింది. పాప రెండు రోజులు కూర్చుని రంగులు వేసింది అక్కా, రాత్రి అన్నం తినకుండా ఏడ్చి పడుకుంది. గురువారం బాబు చెప్పు పట్టుకుని ఉరికితే వెంటపడి చేతి మీద పన్ను గీరింది, కొంచెం రక్తం వచ్చింది, పసుపు అద్దితే తగ్గింది. శుక్రవారం దీపం పెట్టే వేళ అత్తమ్మ కొబ్బరికాయ కొట్టి అటు తిరిగిందో లేదో చిప్ప ఎత్తుకుపోయింది. అత్తమ్మకు చాలా కోపం వచ్చింది. శనివారం మాత్రం ఏమీ చేయలేదు. ఎందుకో తెలియదు. ఆ రోజు వాన తెరిపిస్తే మా ఆయన పొద్దున్నే పిల్లల్నీ దాన్నీ పెద్దచెరువు కట్ట దాకా తీసుకుపోయాడు, వచ్చి అందరూ పడుకున్నారు. ఆదివారం కోడికూర తింటుంటే పిల్లల పళ్లాల్లోంచి బొక్కలు లాక్కుని తిని రాత్రి రెండుసార్లు కక్కింది.

వారమంతా ముసురే. నాకు కుట్టు పని ఆగిపోతోంది, టెన్షన్‌గా ఉంది. దాన్ని మా పొలం కాడ వదిలేద్దాం అంటుంది అత్తమ్మ. గొలుసుతో కట్టేద్దాం అంటాడు మా ఆయన. ఆ మాట వినబడితే పిల్లలు ఏడుస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: చెల్లె, నీ ఉత్తరంలో ఫోన్ నంబర్ ఉండటం మంచిదైంది. గురువారం సంగతి చదివాక పత్రిక అచ్చయ్యే దాకా ఆగలేక నీకు ఫోన్ చేశాను. అదే రోజు నువ్వు బాబును సర్కారు దవాఖానకు తీసుకెళ్లి రేబిస్‌కు, అంటే పిచ్చికుక్క రోగానికి, మొదటి సూది వేయించావు. మిగతా తల్లులు కూడా చదవాలని ఆ సంగతే ముందు రాస్తున్నాను. సాక్సు గురించి, కొబ్బరిచిప్ప గురించి వివరంగా రాసిన నువ్వు రక్తం వచ్చిన గీత గురించి ఒక్క ముక్కతో సరిపెట్టావు. ఇంటి కుక్కే కదా అనుకున్నావు. అందరూ అలాగే అనుకుంటారు.

నేను దేవరకొండ పశువుల దవాఖానలో పనిచేసేటప్పుడు ఒక తండ్రి సంచిలో కుక్కపిల్లను పెట్టుకుని వచ్చాడు. నాలుగు నెలలది. దవడ జారిపోయి, నోట్లోంచి జొల్లు కారుతూ ఉంది. గొంతులో బొక్క ఇరుక్కుందేమో చూడండి అన్నాడు. వెంట కొడుకు ఉన్నాడు, ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. వాడి చూపుడు వేలి మీద తెల్లగా సున్నం ఎండిపోయి ఉంది. ఏమైంది నాన్నా అని అడిగితే, బొక్క తీద్దామని దాని నోట్లో వేలు పెట్టాను అన్నాడు. నేను కుక్కపిల్ల నోట్లో చెయ్యి పెట్టలేదు. ముందు ఆ పిల్లవాణ్ని నల్లా కింద నిలబెట్టి సున్నం పోయేదాకా సబ్బుతో కడిగించాను, ఆ తర్వాత ఇంటిల్లిపాదినీ దవాఖానకు పంపాను. కుక్కపిల్ల రెండో రోజు చచ్చిపోయింది. పిల్లవాడు దక్కాడు, ఎందుకంటే వాడు వేళకు వచ్చాడు. ఆ తెల్లటి వేలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషిని బతికించే మందు లేదు. లోపలికి వెళ్లిన క్రిమి నరాల వెంట మెదడు దాకా పాకడానికి సాధారణంగా కొన్ని వారాలు, కొన్ని నెలలు పడుతుంది, ఆ వ్యవధిలోనే మనం సూది వేయించాలి. కరిచినా, గీరినా వెంటనే పారే నీళ్ల కింద సబ్బు పెట్టి 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగాలి, ఎందుకంటే మనకు రెండు నిమిషాలే పదిహేను అనిపిస్తాయి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టొద్దు. చర్మం గీరుకుని రక్తం రాకపోయినా సూది కావాల్సిందే. రక్తం వస్తే సూదితో పాటు గాయం దగ్గర ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందు కూడా ఇస్తారు, అది అడిగి మరీ వేయించుకోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే భయం మన పెద్దవాళ్లలో ఇంకా పోలేదు. ఆ కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. సర్కారు దవాఖానలో డబ్బు తీసుకోరు. చెల్లె, 28వ రోజు సూది మర్చిపోయేవాళ్లు చాలామంది, నువ్వు క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి పెట్టు. పల్లీని పది రోజులు కళ్లెదుట ఉంచుకో, తిండి మానినా, తీరు మారినా వెంటనే డాక్టరుకు చెప్పు.

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను మొదటిసారి వేయించింది జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి. వాడికీ తొమ్మిదేళ్లే, మీ బాబు వయసే. వాడు బతికాడు. అందుకే జూలై 6ను జూనోసిస్ దినంగా, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినంగా జరుపుతారు, ఆ రోజు పశువుల దవాఖానల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు.

ఇంకో సంగతి. రెండు నెలలప్పుడు పల్లీకి వేయించిన సూది రేబిస్‌ది అనుకుంటున్నావు కదా. ఆ వయసులో వేసేది మామూలుగా పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు. రేబిస్ సూది మూడు నెలలు నిండాక వేస్తారు, తర్వాత బూస్టరు, ఆ పైన ఏటా ఒకసారి. పల్లీ కార్డు తీసి స్టిక్కర్ చూడు. నాకు ఫోన్లో చదివి వినిపించిన దాన్ని బట్టి దానికి రేబిస్ సూది పడలేదు. పది రోజుల కాపలా అయ్యాక డాక్టరుకు చూపించి వేయించు. పార్వోకు కూడా ఒక్క సూది సరిపోదు, మిగిలినవి ఎప్పుడో అప్పుడే అడుగు.

ఇక అల్లరి సంగతి.

నీ ఉత్తరం పక్కన పెట్టుకుని ఒక కాగితం మీద రోజులు, గంటలు వేసుకున్నాను. సోమవారం ఒక్కటే పొద్దున. మంగళ, గురు, శుక్రవారాల గొడవలన్నీ సాయంత్రం ఐదుకు, ఏడుకు మధ్యే. బుధవారం బొమ్మ కూడా పిల్లలు ఆటో దిగడానికి కాస్త ముందే చిరిగింది. శనివారం మాత్రం ఏమీ లేదు. ఎందుకో తెలియదు అని నువ్వే రాసి, తర్వాతి వాక్యంలో కారణం కూడా నువ్వే రాశావు. ఆ రోజు ముగ్గురూ చెరువు కట్ట దాకా నడిచారు చెల్లె. మిగతా ఆరు రోజులు ముసురు పట్టి ఎవరూ నడకకు గడప దాటలేదు.

ఐదు నెలల కుక్కపిల్ల రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. పిల్లలు బడిలో ఉన్నంత సేపు మీ పల్లీ నీ మిషన్ పక్కన పడుకునే ఉంటుంది. సాయంత్రానికి దాని ఒంట్లో పగటి బలమంతా అలాగే ఉంటుంది. బడిలో ఏడు గంటలు బెంచీ మీద కూర్చున్న మీ పిల్లల సంగతీ అంతే. ఆ మూడు బలాలు ఒక్కసారి చిన్న హాల్లో కలుస్తాయి, సరిగ్గా నువ్వు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు. అందులో పల్లీ తప్పు నాకు కనబడటం లేదు. పిల్లల తప్పూ కనబడటం లేదు. వేళ మార్చాలి, అంతే. ఆటో రావడానికి అరగంట ముందు మిషన్ ఆపి పల్లీని బయటికి తీసుకుపో. తుంపర పడుతున్నా సరే, గొడుగు వేసుకుని పో. దాని వయసుకు ఒకసారికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాల నడక చాలు, పరిగెత్తించొద్దు, కీళ్లు ఇంకా లేతవి. నడకంటే దాని లెక్కలో వాసనలు చూడటం. ప్రతి స్తంభం దగ్గరా ఆగుతుంది, ఆగనివ్వు. వచ్చాక కాళ్లు తుడిచి, వేళ్ల సందుల్లో, చెవుల వెనక గోమార్లు ఉన్నాయేమో చూడు, వానాకాలం అవి ఎక్కువ. పొద్దున నడక మీ ఆయన షిఫ్టును బట్టి ఆయనకు అప్పగించు. ఇందుకు నీ కుట్టు పనిలో అరగంట పోతుంది, నిజమే. కానీ ఇప్పుడు నీకు సాయంత్రం రెండు గంటలు పోతున్నాయి.

పళ్ల సంగతి కూడా నీకు తెలియాలి. దానికి ఇప్పుడు పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వస్తున్నాయి. పాలపళ్లు 28, వచ్చేవి 42. ఊడ్చేటప్పుడు బండల మీద బియ్యపు గింజంత పన్ను దొరికితే భయపడకు. ఏడు నెలలు వచ్చేసరికి ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అప్పటిదాకా చిగుళ్లు సలుపుతాయి, ఏది దొరికితే అది కొరుకుతుంది. మా ఇంట్లో చేసింది చెబుతాను. పాత తువ్వాలను పొడుగ్గా చింపి, నీళ్లలో ముంచి, గట్టిగా మూడు ముడులు వేసి ఫ్రీజర్లో పెట్టేదాన్ని. తీసి ఇస్తే మా కుక్క దాన్ని ముందు కాళ్ల మధ్య ఇరికించుకుని, ఒక్కో ముడినీ పక్క పళ్లతో నములుతూ, కళ్లు సగం మూసుకుని అరగంట కదలకుండా కూర్చునేది. ముడి కరిగి మెత్తబడ్డాక లేచి నా దగ్గరికి తెచ్చి పెట్టేది, ఇంకోటి కావాలని. అలాంటివి నాలుగు చేసి పెట్టుకుని మార్చి మార్చి ఇవ్వు. ఎదురుగా ఉండి ఇవ్వు, పోగులు ఊడితే పారేయి, దారాలు మింగకూడదు. నీ కుట్టు పెట్టెకు కూడా మూత ఉండాలి. సూది, దారం, గుండీ కడుపులోకి పోతే ఆపరేషన్ దాకా పోతుంది.

సోమవారం సాక్సు తీసుకున్నప్పుడు ఏం చేశారు? ముగ్గురూ వెంటపడ్డారు. గురువారం చెప్పు పట్టుకుని బాబు ఉరికాడు. కుక్కపిల్లకు అంతకన్నా మంచి ఆట లేదు. సాక్సు నోట్లో పెట్టుకుంటే ఇంట్లో అందరూ లేచి నాతో ఆడతారు అని అది నేర్చుకుంది, నేర్పింది మీరే. ఇకనుంచి ఎవరూ వెంటపడొద్దు. ఉన్నచోటే కూర్చుని, పొట్టు తీసిన ఉప్పు లేని పల్లీ బద్దో, ఉడికిన గుడ్డు ముక్కో చూపించు. దాని ముక్కు దగ్గరికి తెస్తే నోరు తెరుస్తుంది. తెరిచిన ఆ క్షణంలోనే “ఇడువు” అను, ముక్క పెట్టు. ముందు పనికిరాని గుడ్డపేలికతో రోజుకు పదిసార్లు చేయించు. వారం పది రోజుల్లో మాటకే విడవడం మొదలుపెడుతుంది. కొట్టి లాక్కుంటే మాత్రం ఈసారి మింగేస్తుంది, లేదా గుర్రుమంటుంది.

పిల్లలకు ఒక్క సంగతి ఆటలా నేర్పు. పల్లీ మీదికి ఉరికి వస్తే మర్రిచెట్టు అయిపోవాలి. కాళ్లు కదలకూడదు, చేతులు కట్టుకోవాలి, అరవకూడదు, దాని కళ్లలోకి చూడకూడదు. కదలని చెట్టుతో కుక్కకు ఆట ఉండదు, వాసన చూసి పోతుంది. పాపతో మొదలుపెట్టు, దానికి చెట్టంటే ఇష్టం కదా. కుక్కపిల్ల తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాని మీద చెయ్యి వేయొద్దని ఇద్దరికీ చెప్పు. ఈ మాటలో మాత్రం సడలింపు ఇవ్వకు, పెద్దవాళ్లు ఎదురుగా లేనప్పుడు ముగ్గురినీ ఒక గదిలో వదలకు.

ముసురు రోజుల్లో నడక కుదరకపోతే ముక్కుకు పని చెప్పు. బాబు పల్లీని వంటింట్లో పట్టుకోవాలి, పాప హాల్లో పది పల్లీ బద్దలు దాచాలి, మంచం కోడు పక్కన ఒకటి, చాప అంచు కింద ఒకటి. తర్వాత వదలండి. అది నేల మీద ముక్కు ఆనించి వెతుకుతుంటే పిల్లలు గోడకు ఆనుకుని కూర్చుని లెక్కపెట్టాలి. పావుగంట వెతికితే పెద్ద నడకంత అలసట. పిల్లలు కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు, నువ్వు నాలుగు రొట్టెలు చేసుకోవచ్చు. నీళ్ల గిన్నె కడగడం బాబు పని, దువ్వడం పాప పని. గుర్తు చేయాల్సి వస్తుంది, తొమ్మిదేళ్ల పిల్లవాడు రోజూ గుర్తు పెట్టుకోడు. కుక్క బాధ్యత పెద్దవాళ్లదే.

ఆదివారం సంగతి. ఉడికిన కోడి బొక్క చీలికలై పేగులకు గుచ్చుకుంటుంది. కూరలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ దాని రక్తానికి చెరుపు. చాక్లెట్, ద్రాక్ష, పాయసంలో వేసే కిస్‌మిస్ అయితే విషమే, ఒక్కటే కదా అని పెట్టొద్దు. రెండు కక్కులతో పోయింది, మీ అదృష్టం. రక్తం పడినా, పొట్ట ఉబ్బినా ఆగకుండా తీసుకెళ్లాలి. పిల్లలు తినేటప్పుడు ఆ పది నిమిషాలు దాన్ని వాకిట్లో కట్టు, ముడి గుడ్డ ఇవ్వు. కట్టడం అంటే అంతవరకే. పగలంతా గొలుసుకు ఉన్న కుక్క విప్పగానే ఇంకా రెచ్చిపోతుంది, వచ్చేపోయేవాళ్ల మీద కోపం పెంచుకుంటుంది. మీ ఆయనకు ఈ ముక్క చదివి వినిపించు, శనివారం కుదిర్చింది ఆయనే అని కూడా చెప్పు.

అత్తమ్మ గురించి. పెద్దామె పూజ దగ్గర చిప్ప పోతే కోపం రాదా? ఆమె కోపం సరైనదే. దీపం పెట్టే గంట పల్లీ ఆ గదిలో ఉండకూడదు, అది నువ్వు చూసుకోవాలి. కానీ ఫోన్లో నువ్వు ఇంకో మాట చెప్పావు. ఆమె అరుగు మీద కూర్చుంటే పల్లీ వచ్చి ఆమె కాళ్ల దగ్గరే పడుకుంటుంది అని. ఇంట్లో వెంటపడనిదీ, అరవనిదీ ఆమె ఒక్కతే. దాని సంధ్యపూట బువ్వ ఆమె చేతి మీదుగా పెట్టించు. అరుగు పక్కన గోనెసంచి పరిచి, అక్కడ కూర్చుంటేనే గిన్నె కింద పెట్టమను. పొలం మాట మాత్రం వద్దని నా మాటగా అత్తమ్మకు చెప్పు. ఐదు నెలల పిల్లకు పొలం కాడ ఊరకుక్కలు, పాములు, అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు, వీటన్నిటి మధ్య దిక్కెవరు? మనుషులకు అలవాటైన ప్రాణం అది, రోడ్డు వెంట ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరుతుంది.

పాపకు ఇంకో డ్రాయింగ్ షీటు కొనివ్వు. ఈసారి నిజం చెట్టు దగ్గరికే తీసుకుపో, మీ ఊరి నుంచి దగ్గరే కదా. 2018లో ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగితే సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఏడు వందల ఏళ్ల చెట్టుకు మనిషికి పెట్టినట్టు సెలైన్ పెట్టారని చెబితే ఆరేళ్ల పిల్ల కళ్లు ఎంత పెద్దవవుతాయో చూడు. బొమ్మలో ఆ సీసాలు కూడా వేయమను. వేసింది మాత్రం ఎత్తులో పెట్టు.

ప్రశ్న: మేము మిర్యాలగూడలో ఉంటాం. మా మూడు నెలల కుక్కపిల్లకు రోజూ పెరుగన్నమే పెడుతున్నాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు కావాలి. అన్నం తగ్గించి ఉడికిన గుడ్డు, బొక్క తీసి ఉప్పుకారం లేకుండా ఉడికించిన కోడి మాంసం కలుపు. రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెం పెట్టు. నట్టల మందు ఆరు నెలలు వచ్చేదాకా నెల నెలా తప్పొద్దు.

ప్రశ్న: నేను ఆరో తరగతి. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. ఉరిమితే మా కుక్క మంచం కింద దూరి వణుకుతుంది. పిలిచినా రాదు. మా తాత దాన్ని బయటికి లాగమంటాడు. లాగాలా?

జవాబు: లాగకు నాన్నా. మంచం కింద దానికి ధైర్యంగా ఉంది, అందుకే దూరింది. కిటికీ తలుపులు మూసి, టీవీయో రేడియోనో కొంచెం గట్టిగా పెట్టు. మంచం పక్కన నేల మీద కూర్చుని మెల్లగా మాట్లాడుతూ ఉండు, అది తల బయట పెడితే నెమ్మదిగా నిమురు. ఓదారిస్తే భయం ఎక్కువవుతుందని కొందరు అంటారు, అది నిజం కాదు. ఉరుములు ఆగాక ఎంతసేపటికి బయటికి వచ్చిందో చూసి నాకు రాయి.